పదకొండో గింజ

అమ్మ పోయిన నాలుగో నెలలో నాయన చేతిలోంచి మగ్గం కూడా పోయింది. దానికి కారణం నేను. ఆ సంగతి తెలియడానికి నాకు ఇంకో నెల పట్టింది.

మాది బత్తలపల్లె. నాయన ముత్యాలప్ప నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. నేను ధర్మవరంలో గంగాధరప్ప అనే పట్టు వ్యాపారి దగ్గర, డిజైన్ల గదిలో పనిచేస్తాను. పేరుకు డిజైన్లే గానీ బొమ్మలు గీసేది నేను కాదు. మగ్గం మీద జకార్డు పెట్టె ఒకటి ఉంటుంది. ఎప్పుడు ఏ పోగులు పైకి లేవాలో అదే చూసుకుంటుంది. వెనకటికి అట్టలకు చిల్లులు కొట్టి దానికి తగిలించేవాళ్లు. ఇప్పుడు నేను రాసిన ప్రోగ్రాం ఎక్కిస్తే చాలు. ఎక్కడ హంస రావాలో, ఎక్కడ జరీ పట్టీ రావాలో పెట్టెకు చెప్పేది నేనే. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది.

ఇంట్లో నేత నాయనది, లెక్క అమ్మది. అమ్మ బడికి పోలేదు. కొత్త డిజైను మగ్గమెక్కిన రోజు కొంగులో ఎన్ని వరసలో అడిగి, అన్ని చింతగింజలు ఎంచి ఒక గిన్నెలో పోసేది. ఒక వరస పూర్తయితే ఒక గింజ తీసి సున్నం డబ్బాలో వేసేది. గిన్నె ఖాళీ అయితే కొంగు అయిపోయినట్టు. మధ్యలో ఎవరొచ్చి పలకరించినా, పొయ్యి మీద పాలు పొంగినా, ఆమె లెక్క చెదిరేది కాదు. నేను బీసీఏ చదివే రోజుల్లో అది చూసి నవ్వితే, "నగుతావేమే సునందా, నీ కంప్యూటరుకు కరెంటు పోతాది. నా గింజలకు పోతాదా?" అనేది.

హంసల డిజైను వచ్చిన రోజు కూడా ఆమే అడిగింది. కొంగు మీటరు పొడవు. పది సెంటీమీటర్లకు ఒక వరస. మొత్తం పది వరసలు. పది గింజలు ఎంచి గిన్నెలో పోసింది. రెండు రోజుల తర్వాత రాట్నం ముందు పట్టుదారం కండెలకు చుడుతూ చుడుతూనే పక్కకు ఒరిగింది. అనంతపురం తీసుకుపోయేసరికి అయిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఏడవాలని కూడా అనిపించలేదు. పొద్దున ఎనిమిదింటి బస్సుకు నేను ధర్మవరం పోయేదాన్ని, నాయన మగ్గం గుంతలో దిగేవాడు. కూరలో ఉప్పు వేశానో లేదో నాకు గుర్తుండేది కాదు. నాయన అడిగేవాడు కాదు. ఇద్దరం తినేసి ఎవరి పళ్లెం వాళ్లం కడుక్కునేవాళ్లం.

మొదటి చీర కొంగులో పదకొండు వరసలు వచ్చాయి. పదో వరస అయ్యాక జరీ పట్టీ రావాలి. దానికి ముందు ఇంకో వరస హంసలు వచ్చి కొంగు బెత్తెడు పెరిగింది. ఒకే ఇంటివాళ్లకు నాలుగు చీరలు, నాలుగూ నమూనాకు అచ్చంగా కలవాలి. గంగాధరప్ప చీర మడత విప్పి చూసి, ఇంట్లో మనిషి పోయిన బాధలో ఉన్నాడులే అని ఊరుకున్నాడు.

రెండో చీర కొంగుకు వచ్చినప్పుడు ఒక ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. మగ్గం ఆడిన చప్పుడు లేదు. పోయి చూస్తే నాయన గుంతలో ఒంగి టార్చిలైటు వేసి వెతుకుతున్నాడు.

"ఏం పడింది నాయనా?"

"ఏదో పడిందిలే."

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే కూడా గుంతలోనే ఉన్నాడు. మోకాళ్లకు మట్టి. ఆ రోజంతా మగ్గం ముట్టలేదు. ఈయనకు మతి తప్పుతోందని అనుకున్నాను. అనుకుని, పోయి బట్టలు ఉతుక్కున్నాను. మర్నాడు నాయన మళ్లీ నేశాడు. రెండో చీరకూ పదకొండు వరసలే వచ్చాయి.

గంగాధరప్ప మమ్మల్ని అంగడికి పిలిపించాడు. మా పక్కవీధి నేతగాడు మార్కండేయ, ఇంకా ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. "పెట్టెలో ఏమన్నా తేడా ఉండాదేమో చూడమ్మా" అని గంగాధరప్ప నన్నే అడిగాడు.

నేను కంప్యూటరు తెరిచి చూశాను. వరసకు వరసకు మధ్య దూరం 0.10. కొంగు పొడవు 1.00. అంతా సరిగ్గానే ఉంది. మిగతా మగ్గాల్లో ఒక్కదానికీ ఇట్లాంటి ఫిర్యాదు లేదు.

"పెట్టె తప్పు చేయదన్నా. పోగు తెగినప్పుడు నాయన వెనక్కి బటను నొక్కి, ఎంత వెనక్కి పోయినాడో మర్చిపోయి ఒక వరస రెండుసార్లు నేసింటాడు" అన్నాను.

అందరి ముందే అన్నాను. నాయన నా వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. "అట్లనే అయ్యుంటాది" అన్నాడు.

మిగతా రెండు చీరలూ మార్కండేయకు ఇచ్చి, ఆ సాయంత్రమే పెట్టె విప్పి అతని ఇంటికి తీసుకుపోయారు. అతని మగ్గానికి కొత్త పడుగు సిద్ధం కావడానికి నెల పడుతుందన్నారు. నాయన మిగతా నేతగాళ్లకు కండెలు చుట్టే పనికి ఒప్పుకున్నాడు. అమ్మ కూర్చునే చోటే, అమ్మ రాట్నం ముందే కూర్చునేవాడు. నలభై ఏళ్లు నేసిన మనిషి కండెలు చుడుతుంటే చూసి నాకు బాధ కలగాలి. ఏమీ కాలేదు. బస్సుకు టైమవుతోందని మాత్రం తెలిసేది.

నెల తర్వాత ఇంకో ఆదివారం అమ్మ గూడు సర్దుతుంటే సున్నం డబ్బా చేతికి తగిలింది. మూత తీస్తే గింజలు.

"ఇవి పారేద్దామా నాయనా?"

"ఒకటి తక్కువుండాది. దొరికినాక పారేద్దువు."

ఎంచి చూశాను. పది ఉన్నాయి.

"పదీ ఉండాయి గదా?"

"పదకొండు వరసలొచ్చె. పది గింజలే ఉంటే ఎట్ల? మీయమ్మ పోయినాక గింజలు నేనే ఏస్తుంటి. పదో గింజ డబ్బాలో ఏసినాక కూడా హంసలు లేచినాయి. గిన్నె చూస్తే ఖాళీ. ఒక గింజ గుంతలో పడిందనుకుంటి. దినమంతా వెతికినా."

"అమ్మ ఎన్ని ఎంచింది?"

"పది అనే గుర్తు. అయితే పెట్టె పదకొండు అనె. అది కంప్యూటరు గదా, తప్పు చెప్తాదా? నువ్వే అంటివి."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి మళ్లీ రాట్నం తిప్పుకున్నాడు. నేను డబ్బాకు మూత పెట్టి మళ్లీ గూట్లోనే పెట్టాను. అమ్మ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

సోమవారం పొద్దున్నే ప్రోగ్రాంను ఒక్కో అడుగు చొప్పున నడిపించాను. ఈసారి చుక్క తర్వాత రెండంకెలే కాదు, ఉన్న అంకెలన్నీ చూపించమన్నాను. సున్నాతో మొదలుపెట్టి, వరస వరసకూ 0.1 కలుపుకుంటూ, మొత్తం ఒకటికి తక్కువగా ఉన్నంతసేపూ నేయమని నేను రాసింది. మూడోసారి కలిపేసరికే 0.3 చివర్న ఎక్కడో ఒక నాలుగు తేలింది. పదోసారి కలిపాక ఒకటి రావాలి. రాలేదు. సున్నా, చుక్క, ఆపైన పదహారు తొమ్మిదులు వచ్చాయి. ఒకటికి తక్కువే కాబట్టి పెట్టె నిజాయితీగా ఇంకో వరస హంసలను లేపింది. తెర మీద మాత్రం దాన్ని సవరించి 1.00 అని చూపించింది. ఆ రోజు నేను చూసింది అదే.

ఒకటిని మూడుతో భాగిస్తే మనకు మూళ్లు తెగనట్టే, పదో వంతు కంప్యూటరుకు తెగదు. అది లెక్కపెట్టేది రెండ్లలో. అరా, పావూ దానికి సరిగ్గా కుదురుతాయి. మిగతా డిజైన్లన్నింట్లో వరసల మధ్య దూరం అర మీటరో, పావు మీటరో. పదో వంతు పడింది నాయన ఒక్కడికే. ఇదేమీ కొత్త విషయం కాదు. మాకు రెండో ఏడు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. రాశాను. ఐదుకు ఐదూ వచ్చాయి.

దిద్దడానికి ప్రోగ్రాంలో రెండు లైన్లు మారిస్తే సరిపోయింది. దూరాన్ని కలుపుకుంటూ పోవడం మానేసి, ఒకటి, రెండు, మూడు అని వరసలనే ఎంచమన్నాను. పది కాగానే ఆగమన్నాను. దూరం కావాలంటే ఎంచినదాన్ని పదితో భాగించుకోమన్నాను. రాశాక చూస్తే అది అమ్మ గిన్నే.

మార్కండేయను కూడా అంగడికి పిలిపించి, గంగాధరప్పకు తెర చూపించాను. "నాయన తప్పు లేదన్నా. తప్పు నాది."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "పదహారు తొమ్మిదులంటే ఒకటే గదమ్మా?"

"మీకు ఒకటే. దానికి కాదు."

మార్కండేయే ముందు లేచాడు. "నేనింకా పడుగు ఎక్కించలేదు. పెట్టె రేపు ఆటోలో ఏసుకొస్తా. ముత్యాలప్ప మామకు చెప్పు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. నాయన రాట్నం ముందే ఉన్నాడు. అంతా చెప్పాను. అందరి ముందు అన్న మాట తప్పని, అందరి ముందే చెప్పొచ్చానని, పెట్టె రేపు వస్తుందని చెప్పాను. రాట్నం ఆగింది. పెట్టె గురించి ఆయన ఏమీ అడగలేదు.

"అయితే గింజ యాడా పడలేదా?"

"లేదు నాయనా. ఉన్నవే పది."

"మీయమ్మ సరిగ్గానే ఎంచిందా?"

"సరిగ్గానే ఎంచింది."

"ఆమె నాకని ఎంచిపెట్టి పాయె. దాంట్లో ఒకటి పోగొట్టినా అనుకుంటి" అన్నాడు. తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయాక నాయన ఏడవడం అదే మొదటిసారి. నేను పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేశాను. నాకు ఇంకా ఏడుపు రాలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని సున్నం డబ్బా ఇటివ్వమన్నాడు. మూడో చీరకని గింజలు పదీ గిన్నెలోకి వంపాడు.