చెయ్యని పాపం

"నీ సాక్ష్యం బాగుంది," అన్నాడు మా ఆయన, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ.

నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన నాది ఏదైనా బాగుందనడం అదే మొదలు. చేపల పులుసును అనలేదు. బడిపిల్లల పలకలు, పుస్తకాలు ఆయన బదులు నేను దిద్దిపెట్టినా అనలేదు. ఆ మధ్యాహ్నం సంఘంలో లేచి నిలబడి, నేనెంత పాపినో ఏడుస్తూ చెప్పాను. అది బాగుందన్నాడు.

అది అరవై మూడో సంవత్సరం. జువ్వలదిన్నెలో మా ఆయన తిమోతి బడిపంతులు, సంఘపెద్ద కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాల కూడిక ఉండేది. ఎవరికి వాళ్ళు లేచి, తాము చేసిన పాపం, ప్రభువు చూపిన కృప చెప్పుకునేవాళ్ళు. లేచేది ఎక్కువగా మగవాళ్ళే. తాగుడు మానినవాళ్ళు, దొంగిలించిన వల తిరిగి ఇచ్చినవాళ్ళు. మా పాప ఏసుమణి పుట్టిన మూడో నెలలో నేనూ లేవడం మొదలుపెట్టాను.

ముందు నిద్ర పోయింది. పాప పడుకున్నా నాకు కన్ను మూతపడేది కాదు. తర్వాత ఆకలి పోయింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుండేది. పాప ఏడిస్తే పక్కింట్లో ఎవరి పాపో ఏడ్చినట్టు వినిపించేది. పని మాత్రం ఆగలేదు. నీళ్ళు తేవడం, వంట, గుడ్డలు ఉతకడం, ఆదివారం పాస్టరు అయ్యగారికీ ఆయనతో వచ్చినవాళ్ళకూ భోజనం. చేతులు వాటి పాటికి అవి చేసుకుపోయేవి. లోపల ఒకే మాట తిరిగేది. నేను పాపిని, నా మూలంగా ఈ ఇంటికి కీడు వస్తుంది. ఏ పాపం చేశానని వెతికాను. వెతికితే దొరికాయి. చిన్నప్పుడు మా పుట్టిల్లు మనుబోలులో అక్క గాజులు పగలగొట్టి నేరం పిల్లి మీద పెట్టాను. అది నిజం. బిచ్చానికి వచ్చిన ముసలమ్మను తిట్టి తరిమాను. అది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. ఆ రోజుల్లో మాత్రం ఆమె ముఖం నా కళ్ళముందు ఉండేది.

నేను చెబుతుంటే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు. "పశ్చాత్తాపమంటే అదీ. సహోదరి కరుణాకుమారిని చూసి నేర్చుకోండి," అనేవారు పాస్టరు అబ్రహాముగారు. నేను చిక్కిపోతే ఉపవాసాలుంటోంది అనుకున్నారు. గోడవైపు తిరిగి ఏడిస్తే ప్రార్థన అనుకున్నారు. మాట్లాడటం తగ్గిస్తే అణకువ అనుకున్నారు. నా జబ్బులో ప్రతి లక్షణానికీ మావాళ్ళ దగ్గర ఒక మంచి పేరు ఉంది.

"కావలిలో సువార్త సభలు పెడుతున్నారు. నిన్ను మాట్లాడమంటున్నారు," అన్నాడు మా ఆయన. "తెల్ల చీర ఉతికి పెట్టుకో."

సరేనన్నాను. ఆ సభలో అన్నీ చెప్పేస్తే నా పని అయిపోతుందని అనుకున్నాను. పాపను అత్త పెంచుతుంది. నేను లేకపోతే పాపకు కీడు తప్పుతుంది. నాకు సముద్రం ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. సభలు దగ్గరపడేకొద్దీ నా మనసు కుదుటపడింది. ముఖం తేటపడిందని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

సభలకు ముందు ఆదివారం మళ్ళీ లేచాను. ఎండాకాలంలో అత్తకు జ్వరం వచ్చిందనీ, గంజి కాచిమ్మంటే బియ్యం లేవని అబద్ధం చెప్పాననీ, ఆమెను పస్తు పడుకోబెట్టాననీ చెప్పాను. అంతా నాకు స్పష్టంగా గుర్తుంది. తట్టలో బియ్యం ఉండటం, నేను తట్ట మీద గోనె కప్పడం కూడా.

ఆడవాళ్ళ చాపల మీద నుంచి మా అత్త రెబెక్కమ్మ లేచింది.

"అబద్ధం," అంది.

ఎండుచేపల గంప మోసి కొడుకును పంతులు చదువు చదివించిన మనిషి ఆమె. బజారులో మాట్లాడినట్టే గుళ్ళోనూ మాట్లాడుతుంది.

"అమ్మా, కూర్చో," అన్నాడు మా ఆయన మగవాళ్ళ వైపు నుంచి.

"నువ్వు గమ్మునుండ్రా. నాకు జ్వరమొచ్చింది నిజం. ఈ బిడ్డ గంజి కాచింది. ఊరగాయ కూడా వేసింది. తాగినదాన్ని నేను, నాకు తెలవదా?"

వెనక ఎవరో నవ్వారు. పాస్టరుగారు చెయ్యెత్తారు. "రెబెక్కమ్మా, పశ్చాత్తాపానికి అడ్డు రాకూడదు."

"చెయ్యని పాపానికి పశ్చాత్తాపం ఏంది అయ్యగారూ? దీనికి ఒంట్లో బాగాలేదు. మీరంతా చప్పట్లు కొట్టి ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటా ఉండారు."

నాకు అత్త మీద కోపం వచ్చింది. నన్ను కాపాడటానికి అబద్ధమాడుతోంది, నా మూలంగా ఆమె కూడా పాపంలో పడింది అనుకున్నాను.

సాయంత్రం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. మా ఆయనతో చాలాసేపు మాట్లాడారు. లేని పాపాలు ఒప్పిస్తున్నది దురాత్మే అయి ఉంటుందని, నన్ను గుడి గదిలో ఉంచి ఉపవాస ప్రార్థన చేద్దామని అన్నారు. మా ఆయన తల ఊపాడు. పొద్దున దాకా నేను సంఘానికి మాదిరి. సాయంత్రానికి నాలో దయ్యం ఉంది.

"దాన్ని గదిలో పెట్టాలంటే నా శవం మీద నుంచి పోవాల," అంది అత్త. "తెల్లారి నెల్లూరుకి తీసకపోతా. నువ్వొస్తే రా, లేకుంటే నేనే పోతా."

ఆయన వచ్చాడు. బిట్రగుంటలో రైలెక్కాం. నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు జయశీలగారు నా చెయ్యి పట్టుకుని నాడి చూశారు. కనురెప్పలు లాగి చూశారు. తర్వాత మా ఆయన్ను అడిగారు.

"ఈమె రాత్రిపూట ఎంతసేపు నిద్రపోతుంది?"

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు.

"వాణ్ణి అడిగితే ఏం తెలుసు డాక్టరమ్మా? వాడు నిద్రపోతాడు," అంది అత్త.

డాక్టరు ఇంకో ప్రశ్న నన్నడిగారు. "చచ్చిపోవాలని ఉందా అమ్మా?" అంత మామూలుగా అడిగితే దాచడం చేతకాలేదు. ఉందన్నాను. సముద్రం సంగతి చెప్పాను. మా ఆయన కుర్చీ అంచు పట్టుకున్నాడు.

మనసుకు వచ్చే జబ్బులు చాలా ఉన్నాయని డాక్టరు చెప్పారు. కొందరికి లేని గొంతులు వినిపిస్తాయి. కొందరు భయంతో కడిగిన చెయ్యే కడుగుతుంటారు. కొందరు కొన్నాళ్ళు ఉత్సాహంతో ఊగిపోయి కొన్నాళ్ళు పడిపోతారు. నాది కుంగుబాటు, కాన్పు తర్వాత వచ్చింది. చెయ్యని తప్పులు చేసినట్టు తోచడం అందులో భాగమే. కారణం ఒక్కటని చెప్పలేమన్నారు. కాన్పుతో ఒంట్లో వచ్చే మార్పు, నిద్రలేమి, రక్తం తక్కువ కావడం, వంశంలో ఉండటం, పంచుకునే మనిషి లేని చాకిరీ. "ఎన్ని కలిస్తే వస్తుందో మాకూ పూర్తిగా తెలియదు. తగ్గించడం మాత్రం తెలుసు," అన్నారు.

"విశ్వాసం తగ్గి వచ్చింది కాదా?" అడిగాడు మా ఆయన.

"విశ్వాసులకూ వస్తుంది. పాస్టర్లకూ వస్తుంది. నా దగ్గరికి వచ్చారు," అన్నారామె, చీటీ రాస్తూ.

మద్రాసులో మానసిక వైద్యశాలకు పంపారు. మా ఆయన ఊళ్ళో పుట్టింటికి పోయిందని చెప్పాడు. అత్త నాతో ఉంది. నెల్లూరు దాటి ఎరగని మనిషి, అరవం రాని మనిషి, పాపను చంకనేసుకుని వార్డు వరండాలో గంజి కాచేది. నర్సులతో తెలుగులోనే బేరమాడి పాలు తెప్పించేది. తలకు కరెంటు పెట్టే వైద్యం చేసినప్పుడు, నాకు తెలివి వచ్చేసరికి నా పాదాలు ఆమె ఒళ్ళో ఉండేవి. తర్వాత మాత్రలిచ్చారు. ఒకరోజు పాప ఏడిస్తే నా పాపే ఏడ్చినట్టు వినిపించింది. లేచి ఎత్తుకున్నాను. అత్త పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.

ఇంటికొచ్చిన వారం కృతజ్ఞతా సాక్ష్యం చెప్పమని కబురొచ్చింది.

"ప్రార్థన వల్ల స్వస్థత కలిగిందను," అన్నాడు మా ఆయన. "మందుల సంగతి, మద్రాసు సంగతి ఎందుకు? రేపు పాప పెళ్ళికి అడ్డమొస్తాయి."

నేను ఉల్లిపాయలు తరుగుతూ ఆలోచించాను. లేని పాపాలు చెప్పినప్పుడు ఈ ఊరు నన్ను మెచ్చుకుంది. ఉన్న జబ్బు చెప్పుకోకూడదట. వెనక చాపల మీద నాలాగే ఇసుక నములుతున్న ఆడది ఇంకొకతె ఉంటే, స్వస్థత అన్న మాట విని ఇంటికిపోయి తన ప్రార్థన చాలలేదనుకుంటుంది.

ఆదివారం లేచి నిలబడ్డాను.

"నాకు జబ్బు చేసింది," అన్నాను. "కాన్పు తర్వాత మనసుకు వచ్చే జబ్బు. ఇక్కడ నేను చెప్పిన పాపాల్లో చాలా నేను చెయ్యలేదు. మా అత్తకు గంజి నేనే కాచాను. మీరు పిచ్చాసుపత్రి అనే చోట ఉండి వచ్చాను. మందు తిన్నాను, ఇప్పుడూ తింటున్నాను. దేవునికి స్తోత్రం."

ఎవరూ స్తోత్రం అనలేదు. మా ఆయన తల దించుకున్నాడు. నా పక్కన అత్త చెయ్యి నేలకు ఆనించి లేచింది.

"రెబెక్కమ్మా, మళ్ళీ ఏంది?" అన్నారు పాస్టరుగారు.

"ఒక్క మాట అయ్యగారూ, చెప్పి కూర్చుంటా. మావాడు పుట్టినప్పుడు నాకూ ఇట్టానే వొచ్చింది. దయ్యమన్నారు. పాకలో గుంజకు కట్టేసి బెత్తంతో కొట్టినారు. ఎప్పటికో తగ్గింది. తగ్గినా అది ఒంట్లోనే యాడో దాక్కోనుందనుకున్నా. మళ్ళా లేస్తే బిడ్డను ఏం చేస్తానో అని వీణ్ణి ఎత్తుకోలా. మా అక్క చేతిలో పెట్టేసి గంపెత్తుకుని పొయ్యేదాన్ని. ఈ బిడ్డను కూడా కట్టేస్తారని బయపడే రైలెక్కించినా."

ఆమె మగవాళ్ళ వైపు తిరిగింది. మా ఆయన తలెత్తి చూస్తున్నాడు.

"అది జబ్బేనంట. నాకు దయ్యం పట్టలేదంట్రా, తిమోతీ."