రెండోసారి పడ్డ పిల్ల

ఎల్లారెడ్డి బస్సు తాడ్వాయి దాటేసరికి ఎజాజ్ మోకాళ్లకు నూనె రాసుకోవడం పూర్తయింది. పైకి మడిచిన ప్యాంటును కిందికి లాక్కుని, వేళ్ల జిడ్డును పాత పేపరు ముక్కతో తుడుచుకున్నాడు. ఆ వాసనకు పక్క సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఇరవై ఆరేళ్లుగా అతని ఆదివారాలు ఇట్లాగే మొదలవుతున్నాయి. మిగతా ఆరు రోజులు కామారెడ్డి స్టేషన్ రోడ్డు సందులో, ఒక్క మిషన్ పట్టే దుకాణంలో బడిపిల్లల యూనిఫాంలు కుడతాడు. పొట్టి మనిషి. మిషన్ మీద వంగీ వంగీ వీపు గూని తేలింది. ఊళ్లో సగం మంది పిల్లల భుజాల కొలతలు టేపు లేకుండానే చెప్పగలడు. ఆదివారం మాత్రం నల్లచొక్కా తొడుక్కుని, కళ్లద్దాలకు వెనక నుంచి ఎలాస్టిక్ కట్టుకుని, ఎక్కడ పిల్లల ఫుట్‌బాల్ ఉంటే అక్కడికి రిఫరీగా పోతాడు. యాభై ఏడేళ్ల వయసులో పిల్లల వెంట ఈ పరుగులేమిటని సయీదా పొద్దున కూడా అడిగింది. అడగడం భార్యకు అలవాటు. నవ్వి చెప్పులు వేసుకోవడం అతనికి అలవాటు.

ఆ రోజు పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల మ్యాచ్. ఎల్లారెడ్డి జట్టు మీద గాంధారి జట్టు. గెలిచినవాళ్లు పైకి పోతారు, ఓడినవాళ్లు ఇంటికి. ఎల్లారెడ్డి పిల్లలను పీఈటీ అనిల ఈ ఏడాదే కూడగట్టింది. లైన్ల మీద జెండాలు పట్టడానికి ఎవరూ దొరకలేదు. చూడవలసిన కళ్లు రెండే, అవి ఎజాజ్‌వి.

పదో నిమిషంలో ఎల్లారెడ్డి ఏడో నంబరు పిల్ల స్నిగ్ధ, రెండు జడల సన్నపిల్ల, గోలు ముందర దబ్బున పడిపోయింది. చుట్టూ బారెడు దూరంలో ఎవరూ లేరు. పడుతూనే అతనివైపు చూసింది. ఎజాజ్ విజిల్ ఊదలేదు. పక్కనుంచి పరుగెత్తుతూ, ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాడు:

"లే బిడ్డ. నిజంగ పడేటోళ్లు నేల దిక్కు చూస్తరు. ఉట్టిగ పడేటోళ్లు నా దిక్కు చూస్తరు."

స్నిగ్ధ చెవులు ఎర్రబడ్డాయి. మట్టి దులుపుకుని లేచింది. పడ్డట్టు నటిస్తే చూపే పసుపు కార్డు ఎజాజ్ జేబులోనే ఉండిపోయింది. పదమూడేళ్ల పిల్లకు ఒక మాట చాలునని అతని నమ్మకం.

రెండో సగంలో గాంధారి ఒక గోలు కొట్టింది. ఇంకో ఐదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా స్నిగ్ధ ఇద్దరిని తప్పించుకుని బంతితో గోలు ముందరికి దూసుకుపోయింది. ఎజాజ్ ఇరవై అడుగుల వెనక ఉన్నాడు. మోకాళ్లు మాట వినడం లేదు. గాంధారి పిల్ల వీపు అడ్డం వచ్చింది. అది పక్కకు జరిగేసరికి స్నిగ్ధ నేల మీద ఉంది.

'మళ్లీనా!' అనుకున్నాడు. విజిల్ ఊది కార్డు ఎత్తాడు.

"ఈసారి నిజంగనే తాకింది సార్!"

"లే. ఆట నడవనీ."

మైదానం గీత అవతల ఎవరో "యాక్టింగ్!" అని అరిచారు. నలుగురు నవ్వారు. అక్కడే బైకుకు ఆనుకుని నిలబడ్డ స్నిగ్ధ తండ్రి నరేందర్ తల దించుకున్నాడు. మక్కచేను పని విడిచిపెట్టి, బిడ్డ ఆట చూడడానికి ఆయన రావడం అదే మొదటిసారి.

ఆట మళ్లీ మొదలయ్యాక ఎజాజ్ చూశాడు. స్నిగ్ధ కుంటుతోంది. జారిన మేజోడు పైన, పిక్క పొడుగునా బూటు గీరిన గీత. దాని వెంబడి నెత్తురు పూసలు పూసలుగా తేలుతోంది. ఒకసారి ఆట సాగాక ఇచ్చిన తీర్పును వెనక్కి తీసుకునే వీల్లేదు.

రెండు నిమిషాలకు ఎల్లారెడ్డి పిల్ల ఇంకొకతె గోలు ముందర తన కాలు తనకే తట్టుకుని పడింది. "పెనాల్టీ! పెనాల్టీ!" అని మైదానమంతా ఒక్కటే గోల. విజిల్ అతని పెదవుల మధ్యనే ఉంది. ఊదితే ఎవరూ తప్పుపట్టరు. గాంధారి గోల్‌కీపర్ పిల్ల భయంభయంగా అతని ముఖంలోకి చూస్తోంది. ఒక పిల్ల గౌను చినిగిందని ఇంకో పిల్ల గౌను కత్తిరించి అతుకు వేస్తారా? విజిల్ నోట్లోంచి తీసేశాడు.

గాంధారి గెలిచింది.

అతను వెళ్లేసరికి నరేందర్ బిడ్డ ముందు నిలబడి ఉన్నాడు. "ఇగ చాలు తీ. మంది ముంగట ఇజ్జత్ తీసినవ్. బంతి బంద్."

"పటేలా," అన్నాడు ఎజాజ్. "తప్పు బిడ్డది కాదు, నాది."

"మీరెట్ల తప్పు జేస్తరు సార్?"

"జేస్తం. ఎనకవడ్డ, కనవడలే. కనవడనిది కనవడ్డట్టు చెప్పిన." ఇందాక నవ్విన నలుగురికీ వినపడాలని గొంతు పెంచాడు. "ఏడో నంబరు పిల్ల నిజంగనే పడ్డది. పెనాల్టీ ఇయ్యాల్సి ఉండె. నేనే ఇయ్యలే."

ఇన్నేళ్లలో ఇట్లాంటి తప్పులు ఇంకా ఉన్నాయి. వాటికి తిరుగు బస్సులో కూర్చుని లోలోపలే మాఫీ అడుక్కున్నాడు గానీ, పిల్లల ముందు నోరు తెరవడం ఇదే మొదలు.

ఆయాసంతో నేల మీద చతికిలబడి, సీసాలో నీళ్లతో ఆమె పిక్క కడిగాడు. జేబులోంచి నీలిగళ్ల రుమాలు తీసి కట్టు కట్టాడు. యూనిఫాం గుడ్డలో మిగిలిన ముక్కతో చేసిన రుమాలు. స్నిగ్ధ గొంతు తగ్గించి అంది:

"సార్, మొదలు పడ్డప్పుడు మాత్రం ఉట్టిగనే పడ్డ."

"ఎరుకే."

"మరి అప్పుడెందుకు కార్డు ఇయ్యలే?"

"ఒక్కసారికే మనిషి మీద ముద్ర ఎయ్యద్దనుకున్న. కార్డు ఇయ్యలే గని, మనసుల ముద్ర ఎయ్యనే ఏసిన. గదే నా తప్పు."

నరేందర్ బైకులో తాళంచెవి పెట్టి, మళ్లీ తీసేశాడు. తర్వాత అనిలను అడిగాడు, "మళ్ల ఆట ఎన్నడు మేడం?"

"వచ్చే ఐతారం. ఉట్టి దోస్తీ ఆట."

"పంపిస్త."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. లింగంపేట దాటాక ఎండ పచ్చబడి అతని ఒళ్లో పడింది. ఎడమ భుజం లాగుతోంది. మిషన్ తొక్కిన నొప్పే అనుకున్నాడు. కిటికీ ఊచకు తల ఆనించాడు. ముఖం తేటగా ఉంది.

కామారెడ్డి బస్టాండులో అందరూ దిగారు. కండక్టర్ మైసన్నకు అతను ఏళ్లుగా తెలుసు. "సార్, ఊరొచ్చింది," అన్నాడు. మళ్లీ పిలిచాడు. భుజం తట్టాడు. తర్వాత అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుండిపోయాడు. కాసేపటికి డ్రైవర్‌ను ఇంజిన్ ఆపమన్నాడు.

తర్వాతి ఆదివారం ఎల్లారెడ్డికి వేరే రిఫరీ వచ్చాడు. ఆటకు ముందు అనిల స్నిగ్ధను పక్కకు పిలిచి ఎజాజ్ సార్ ఇక రాడన్న సంగతి చెప్పింది. స్నిగ్ధ ఉతికి, మడతపెట్టి తెచ్చిన రుమాలును గీత అవతల తన సంచి మీద పెట్టి, ఎగిరిపోకుండా చిన్న రాయి ఉంచి ఆటలోకి వెళ్లింది. గాలికి దాని ఒక కొస లేచి వాలుతోంది. ఆ కొసన ఎర్రదారంతో, ఆ పిల్ల చదవలేని ఉర్దూలో, సయీదా కుట్టిన ఎజాజ్ పేరు.