అగ్గిపుల్ల పోతరాజు

మా తమ్ముడు ప్రణీత్ గాడంటే నాకు ఒళ్లుమంట. దాచుకోవడమెందుకు? ఛత్రినాకలో మా గల్లీ బోనాల ఊరేగింపు ముందు కొరడా పట్టి ఆడే పోతరాజు ఎప్పుడూ మా ఇంటివాడే. తాత ఆడాడు, బాపు ఆడాడు. బాపుకు మోకాళ్లు పోయాక పోతరాజు ఒళ్లంతా పూసే ఆ పసుపు నా ఒంటికి రావాలి. పెద్దకొడుకుని, జిమ్ముకెళ్లి కండ పెంచినవాణ్ని. బాపు మాత్రం పదిహేనేళ్ల బక్కోణ్ని ఎంచుకున్నాడు.

"దరువు వాని కాళ్లల్ల ఉన్నది రామ్‌చందర్. నువ్వు ఎంతసేపూ అద్దంల జూస్కునుడే," అన్నాడు అందరి ముందూ. ఛీ, నాకు తల కొట్టేసినట్టయింది.

వాడు చొక్కా విప్పి ఆట సాధన చేస్తుంటే గల్లీ పోరడెవడో వీడియో తీసి, 'అగ్గిపుల్ల పోతరాజు' అని పేరు పెట్టి ఇన్‌స్టాలో వదిలాడు. పక్కటెముకల మీద జోకులే జోకులు. బళ్లోనూ అదే పేరు. వాడు బడికి పోవడం మానేశాడు. కండ రావాలని గుడ్ల మీద గుడ్లు మింగి కక్కుకున్నాడు. అంత ఉక్కపోతలోనూ మెడదాకా గుండీలు పెట్టుకుని మూలన కూర్చున్నాడు.

అప్పుడూ నాకు కుళ్లే! అమ్మ వాడికి అన్నం కలిపి నోట్లో పెడుతుంటే, బాపు తల నిమురుతుంటే, ఏడ్చినా వీడిదే రాజ్యం అనుకున్నాను.

ఆ వీడియో కింద ఒక కామెంటు మాత్రం నా కడుపు చల్లబరిచింది. ఎవరిదో పేరూ ఫొటో లేని ఖాతా. "వీడు సచ్చినా ఎవ్వరికి ఫికర్ లేదు. కొరడా వీని అన్నకియ్యుండ్రి, ఆయనే అసలు పోతరాజు." మొదటి ముక్క నా కంటికి ఆనలేదు. రెండోది పదేపదే చదువుకున్నాను. ఒక్కడికైనా కళ్లున్నాయని మురిసిపోయాను.

ఊరేగింపు రోజు ప్రణీత్ రానన్నాడు. బాపు పసుపు గిన్నె నా ముందు పెట్టాడు. కొరడా కోసం లోపలి గదిలోకి వెళ్తే వాడు ఫోన్ పట్టుకుని ఉన్నాడు. లాక్కుని చూశాను. తెర మీద అదే ఖాతా. ఇంకో తిట్టు సగం రాసి ఉంది.

"ఇదేందిరా? నిన్ను నువ్వే తిట్టుకుంటున్నవా?"

"వాళ్లకన్నా ముందుగాల నేనే అనుకుంటే జర తక్కువ నొస్తదన్నా."

"సచ్చినా ఫికర్ లేదని గూడ నువ్వే రాసినవా?"

"ఎవరన్న ఒక్కరు గట్ల కాదంటరేమోనని రాసిన. ఎవ్వరు అనలే."

"మరి నా గురించి రాసింది?" అన్నాను.

"అది నిజమే గదన్నా. నువ్వు మస్తుంటవ్."

అమ్మను పిలిచి, వీణ్ని ఒక్కణ్ని వదలకు అని చెప్పాను. బాపు నా ఒళ్లంతా పసుపు పూశాడు. "ఏమున్నవ్ రా కొడుకా!" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే చచ్చాను. డప్పులు అందుకున్నాయి. రెండడుగులు వేశానో లేదో ఏడుపు తన్నుకొచ్చింది. నడివీధిలో మోకాళ్ల మీద కూలబడి బావురుమన్నాను.

"పూనకమొచ్చింది! అమ్మవారు పూనింది!" అని ఎవరో కేక పెట్టారు. గల్లీలో ఉన్న ఫోన్లన్నీ నా మీదికి లేచాయి.