బొందలగడ్డకు అరెకరం

2006 వానాకాలంలో ఎలీషమ్మ భర్త చనిపోయాడు. గుండ్లపోచంపల్లి అవతల ఉన్న వాళ్ల వాడకు బొందలగడ్డ లేదు. ఎవరు పోయినా చెరువు ఒడ్డునే పూడ్చేవాళ్లు. ఆ రోజు తోడేకొద్దీ గుంటలో నీళ్లు ఊరాయి. చివరికి పెట్టెను ఆ నీళ్లలోకే దించారు. జీపులో అటుగా పోతున్న ప్రతాప్ రెడ్డి ఆగి, అంతా చూసి వెళ్లాడు.

ఆదివారం ఆయన చర్చికి వచ్చాడు. ఊళ్లో సగం భూమి వాళ్లదే. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం కూడా చేస్తున్నాడు.

"మొన్న చూసిన సంది మనసు మనసుల లేదు. గుట్ట కింద చెల్కల అరెకరం ఇస్త. బొందలగడ్డ చేసుకోండ్రి," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. సంఘపెద్ద అబ్రహాం కళ్లు తుడుచుకున్నాడు. ఎలీషమ్మకు అతను మరిది.

బయటికొచ్చాక ఎలీషమ్మ అంది: "మన వాడకు బోరు ఎయ్యమంటే వాకిట్ల నుంచే ఎల్లగొట్టిండు గాయన. గిప్పుడు అడగకుండ ఇస్తుండంటే ఏందో ఉంది."

"ఉన్నోళ్లు లేనోళ్లకు పెట్టాలంటం. పెడితేనేమో అనుమానిస్తం. ఇగ ఎట్ల వదినా?"

సోమవారం కోళ్ల ఫారంలో పని అయ్యాక ఆమె ఇంటికి పోకుండా గుట్ట వైపు నడిచింది. ఆయన ఇస్తానన్న మెట్ట చెల్కలో ఇద్దరు మనుషులు ఎర్రగుడ్డ కట్టిన కట్టెలు పాతుతున్నారు.

"ఏంది బిడ్డా ఇది?"

"కొత్త రోడ్డు పడుతది."

"ఈడ బొందలగడ్డ చేస్తున్నం గదా?"

"అట్లైతే పక్కకు జరుపుతరు. సమాధుల మీంచి రోడ్డు ఎయ్యరు."

పక్కన ఉన్నది గౌరయ్య మక్కచేను. ఆ ముసలాయనకు అది తప్ప ఇంకో గుంటెడు భూమి లేదు.

మర్నాడు ఆమె నేరుగా ప్రతాప్ రెడ్డి ఇంటికి పోయింది. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

"పటేలా, రోడ్డు తప్పిచ్చుకోనీకే మాకు జాగ ఇస్తున్నరా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఇస్తే నాకూ లాభమే, మీకూ లాభమే. గండ్ల తప్పేంది?"

"రోడ్డు గౌరయ్య చేను మీంచి పోతది గదా."

"ఆయనకు సర్కారు పైసలిస్తది."

"రోడ్డు మీ చెల్కలకెల్లే పోనిచ్చి ఆ పైసలు మీరే తీసుకోండ్రి. మాకు హైవే దిక్కున్న మీ చెల్కల ఇయ్యుండ్రి. ఆడ కొత్త రోడ్డు పడేది లేదు గదా."

ఆయన మళ్లీ పేపరు చేతికి తీసుకున్నాడు. "నీ పెనిమిటిని నీళ్లల్ల దించుతుంటే నిజంగనే బాధైంది ఎలీషమ్మా. గది అబద్ధం గాదు," అన్నాడు. హైవే పక్క భూమి మాట మాత్రం ఎత్తలేదు.

ఆదివారం ఆమె సంఘంలో అంతా చెప్పింది. పెద్ద గొడవైంది. మన పీనుగులకే దిక్కు లేదు, గౌరయ్య సంగతి మనకెందుకని కొందరు అరిచారు. చివరికి వద్దనేవాళ్లే ఎక్కువయ్యారు. సాయంత్రానికి అబ్రహాం పోయి ఆ అరెకరం వద్దని చెప్పొచ్చాడు. వదినతో మాత్రం మాట్లాడటం మానేశాడు.

రోడ్డు ప్రతాప్ రెడ్డి చెల్కలోంచే పోయింది. మరుసటి వానాకాలం, అదే వాడలో ఉండే రోజీ వాళ్ల నాయినను మళ్లీ చెరువు ఒడ్డునే పూడ్చారు. గుంటలో నీళ్లు తోడుతూ రోజీ ఒక్కసారి తలెత్తి ఎలీషమ్మను చూసింది. ఎలీషమ్మకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఆ వారంలోనే గౌరయ్య ఆమె ఇంటికి వచ్చాడు. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకుని ఆమె మంచం వాల్చింది. ఆయన గడప బయటే నిలబడ్డాడు.

"మా కొడుకు అడిగి రమ్మన్నడు. మీ వాళ్లందరితోని కొట్లాడి నా చేను ఎందుకు కాపాడినవు? దాని మీద నీకేమన్న ఆశ ఉందా?"

ఆమెకు కోపం రాలేదు. ఆయన చోట తానున్నా అదే అడిగేది.

"ఏం లేదన్నా," అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూసి, వాల్చిన మంచం మీద కూర్చోకుండానే వెనక్కి తిరిగాడు.