మర్నాటి మాట

నాయుడుపేటకు పడమరగా ఉన్న రాతిగుట్టను సమాధానం నడుపుతున్నాడు. పేరు సమాధానమే గానీ మనిషికి క్షణం సమాధానం లేదు. పొద్దున్నే గేటు తాళం తీసి, రాత్రి ఎవరైనా దూరారేమోనని అడుగుజాడలు వెతుకుతాడు. తాడు కట్టుకుని ఎక్కేవాళ్ల కోసం రాతికి బిగించిన బోల్టులన్నీ కదిలించి చూశాక గానీ టీ తాగడు.

ఆ గుట్ట ఇవాళ విన్న మాటను రేపు అదే వేళకు, అదే గొంతుతో పలుకుతుంది. అందుకే అక్కడికొచ్చే మొగుడూపెళ్లాలు పోట్లాటలు కారులోనే ముగించుకుని దిగుతారు. గుసగుసలు మాత్రం గుట్టకు వినపడవని సమాధానం నమ్మకం.

శనివారం సాయంత్రం ఏంజెలిన్ నడిమి దారిలో ఎక్కింది. మరీ సులువూ కాదు, మరీ కష్టమూ కాదు, నేర్చుకునేవాళ్లంతా ఎక్కేదే. కింద తాడు పట్టింది సాయిలక్ష్మి. ఇద్దరూ అక్కడ ట్రైనర్లే, కానీ ఇకమీదట ఒకరినే ఉంచుకుంటానని సమాధానం అప్పటికే చెప్పి ఉన్నాడు. పైన రాతికి బిగించిన చివరి ఇనుప రింగు దగ్గర ఏంజెలిన్ ఏదో కేకేసింది. సాయిలక్ష్మి తాడు వదిలేసింది. ఏంజెలిన్ జారి పొదల్లో పడి కాలు విరగ్గొట్టుకుంది.

రింగుకు నన్ను నేను కట్టుకోవడానికి తాడు కాస్త వదులు చెయ్యమన్నానని ఏంజెలిన్ అంటుంది. కట్టుకోవడం అయిపోయింది, ఇక వదిలెయ్యమంటోంది అనుకున్నానని సాయిలక్ష్మి. ఉద్యోగం కోసమే చేసిందని అందరూ అన్నారు. ఏంజెలిన్ ఇంటివాళ్లు పోలీసు కేసు పెడతామన్నారు.

ఆదివారం సాయంత్రం అందరూ గుట్ట కింద చేరారు. ఏంజెలిన్‌ను కుర్చీలో మోసుకొచ్చారు. సాయిలక్ష్మి దూరంగా నిలబడి అరిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటోంది. ఆ చెమటే సాక్ష్యమనుకున్నాడు సమాధానం. వంగి ఏంజెలిన్ చెవిలో ఏదో గొణిగాడు.

కాసేపటికి గుట్ట పలికింది. ముందు ఏంజెలిన్ గొంతు.

"వదులు."

"వదిలేస్తుండా అక్కా."

మళ్లీ ఏంజెలిన్ గొంతే. "సరే."

ఆ తర్వాత వచ్చిన కేకకు అందరూ చెవులు మూసుకున్నారు. సరే అన్నది తనేనని ఏంజెలిన్‌కు అప్పుడే గుర్తొచ్చింది. ఏడుస్తూ సాయిలక్ష్మి చెయ్యి పట్టుకుంది. కేసు మాట పోయింది. ఇకనుంచి ఈ గుట్ట మీద "వదులు" అనకూడదు, "లూజు" అనాలి అని అక్కడే తేల్చుకున్నారు.

సమాధానానికి అనుమానం తీరలేదు. రింగులో ఏదైనా తేడా ఉందేమో చూద్దామని సోమవారం సాయంత్రం తనే ఎక్కాడు. వేరే మనిషి లేక తాడు సాయిలక్ష్మికే ఇచ్చాడు. ఒంటిచేత్తో వేలాడుతూ రింగు కోసం చెయ్యి చాచేసరికి గుట్ట అతని గొంతుతోనే, కిందిదాకా వినపడేట్టు మాట్లాడింది.

"ఆ పిల్ల కావాలనే వదిలింది. ఇంకెప్పుడూ దాని చేతికి తాడియ్యను."

సమాధానం కిందికి చూశాడు. సాయిలక్ష్మి తలెత్తి తననే చూస్తోంది. తాడు బిగుసుకుని ఉంది, రింగు అందడం లేదు.

"లూజు కావాల్నా అన్నా?"

తలూపాడు.

"నోటితో చెప్పన్నా. రేపు అందరూ వినాల."

"లూజియ్యమ్మా," అన్నాడు సమాధానం. ఈసారి గొణగలేదు. "నిన్నే నమ్ముకొని ఉండా."

తాడు కావలసినంతే వచ్చింది.