పీతలు రాని నీళ్లు

పడవ నడిపే సరంగు తన బామ్మర్దిని చంపింది ఇనుప కడ్డీతో. మొదటి దెబ్బ కణత మీద పడింది, రెండోది నోటి మీద. మూడోది అక్కర్లేకపోయినా కోపం చల్లారక కొట్టాడు. "ఇంకోసారి అక్క మీద చెయ్యి వేశావంటే ఊరుకోను బావా" అన్నందుకు అదీ జవాబు. తర్వాత శవానికి పాత లంగరు గొలుసు చుట్టి, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఒరిగిన బండ పక్కన లోతులోకి తోసేశాడు. అక్కడ చేపలుండవు. చేపలు లేనిచోట ఎవడూ వల వెయ్యడు. మిగతా సంగతి సముద్రమే చూసుకుంటుందని తన తెలివికి తానే మురిసిపోయాడు.

"నీ తమ్ముడు నాతో గొడవపడి వేరే రేవుకి పోయాడు. పొగరు దిగాక వాడే వస్తాడు" అని పెళ్లానికి చెప్పాడు. ఆ పిచ్చితల్లి నమ్మింది. పడవ మీద తమ్ముడు చేసే పనంతా తను చేస్తూ, "ఒక్క కబురైనా పంపడే! రానీ, చెవులు మెలేస్తాను" అని రోజూ తిట్టుకునేది. ఆమె బతుకులో మిగిలిన ప్రేమంతా ఆ తిట్లలోనే ఉండేది.

అలాంటి సమయంలో పరిశోధన చేసే మేడమ్ ఒకావిడ పడవ మాట్లాడుకుంది. చచ్చిన పందుల్ని ఇనుప బోనుల్లో పెట్టి నీళ్లలోకి దించాలి, కొన్నాళ్లకి పైకి తీసి, ఏ నీళ్లలో మాంసం ఎలా కరిగిపోతుందో చూడాలి. బయటి సముద్రంలో దించిన పంది ఎముకల గూడై వచ్చింది. పక్కటెముకల మధ్య పీతలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. సరంగు దాన్ని తృప్తిగా చూశాడు. ఆ తర్వాత పాయలో దించినదాన్ని లాగాడు. దాని కనురెప్పల వెంట్రుకలు కూడా ఊడలేదు.

"ఇదేంటి మేడమ్, ఇలాగే ఉంది?" అన్నాడు.

"పీతలకీ చేపలకీ ఆక్సిజన్ కావాలి కదండీ. పాయ అడుగున అది లేదు. చింపి తినేవాళ్లు రారు, పనంతా బ్యాక్టీరియా మీదే పడుతుంది. వాటికీ ఆక్సిజన్ లేక నీళ్లలోని నైట్రేటుతో, అదీ అయిపోతే సల్ఫేటుతో నెట్టుకొస్తాయి. ఈ కుళ్లిన గుడ్ల కంపు అలా వచ్చిందే. తింటాయి, కానీ చాలా నెమ్మది." మేడమ్ నవ్వింది. "దీన్ని పెంచినవాడు ఇంకెన్నాళ్లకి వచ్చినా మొహం గుర్తుపడతాడు."

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు. సరంగు తేలు కుట్టిన దొంగలా ఇంటికెళ్లి, నీళ్ల చెంబు అందించడం ఆలస్యమైందని పెళ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదాడు.

మరో పందికి మేడమ్ చోటు మార్చింది. "ఆ ఒరిగిన బండ దగ్గర లోతెక్కువ. ముందు కెమెరా దించి అడుగు చూద్దాం."

"అక్కడొద్దు మేడమ్. అడుగున గొలుసుంది, చిక్కుకుంటుంది."

బోను కడుగుతున్న పెళ్లాం తలెత్తింది. "మనమక్కడ ఎప్పుడూ లంగరు వెయ్యలేదుగా. గొలుసుందని మీకెలా తెలుసు?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే!" అంటూ చాచి కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. అడ్డొచ్చిన మేడమ్‌ని పక్కకి తోశాడు. పెళ్లాం నెత్తురు ఉమ్మేసి, అతని మొహం చూసింది. ఆ మొహంలో కోపం ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. ఇప్పుడున్నది భయం. లేచి వెళ్లి, కెమెరా తాడు చుట్టిన చేతి వించ్ బ్రేకు వదిలేసింది. కెమెరా సర్రున దిగిపోయింది.

మేడమ్ తెర మీద చీకటి, తర్వాత కెమెరా దీపం వెలుగులో అడుగు కనిపించాయి. బురద మీద బ్యాక్టీరియా తెల్లటి దుప్పటిలా పరుచుకుని ఉంది. దాని మధ్యలో గొలుసు, గొలుసు లోపల మోకాలు. చొక్కాకి ఒక గుండీ వేరే రంగుది. అది ఆమె కుట్టినదే. ఆపైన మొహం, పగిలిన పళ్లు, కణత మీద గుంట. ఆ కడ్డీ దెబ్బ గుర్తు ఆమె భుజం మీద కూడా ఉంది.

సరంగు పడవలోనే ఉంచుకున్న ఆ కడ్డీ ఎత్తి తెర పగలగొట్టబోయాడు. ఆమె వించ్ పిడి ఊడబెరికి అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బకి మోకాలు విరిగి కూలబడ్డాడు. మూడోదానికి తల మీదకి పిడి ఎత్తింది.

"వద్దమ్మా!" మేడమ్ అరిచింది.

ఆమె ఆగింది. పిడి అతని ముందు పడేసి, కడ్డీ తీసుకుంది. "కొక్కెం దించు. వాణ్ణి పైకి లాగరా."

"చెయ్యి విరిగిందే..."

"ఇంకోటుందిగా."

కొక్కెం గొలుసుకి పట్టాక, ఏడుస్తూ, ఆగినప్పుడల్లా వీపు మీద కడ్డీ పోటు తింటూ, ఒంటి చేత్తో వించ్ పిడి తిప్పాడు. ముందు కంపు వచ్చింది, తర్వాత గొలుసు. అతను గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఆమె జుట్టు పట్టుకుని అతని మొహం అటు తిప్పింది.

"కళ్లు తెరువు. నిన్ను బావా అని పిలిచిన నోరది."