ముక్కులో బుగ్గ

నాలుగు భాషలొచ్చిన మనిషికి బలుపుంటుంది. భోపాల్‌పట్నంలో కిరాణా కొట్టు నడిపే రామనర్సయ్యకూ ఉంది. చెవుల క్యాంపుకు జగదల్‌పూర్ నుంచి వచ్చిన డాక్టరమ్మకు హిందీ తప్ప రాదు. రోగులకు దోర్లీ తప్ప రాదు. మధ్యలో ఈయన.

అంగడిలో చింతపండు అమ్మే ముయెకు రెండేళ్లుగా చెవుల దిబ్బడ. ఎవరు మాట్లాడినా కుండలోంచి మాట్లాడినట్టే. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: చెవికీ గొంతుకీ మధ్య ఉండే సన్నటి దారి మూసుకుపోయింది, మత్తిచ్చి ముక్కులోంచి చిన్న బెలూన్ పంపి, రెండు నిమిషాలు ఉబ్బించి తీసేస్తాం, గాలి ఆడుతుంది.

రామనర్సయ్య వెనకున్న లైను చూశాడు. జనం కనిపిస్తే ఆయన నోరు ఆగదు. బెలూన్‌ను బుగ్గ చేసి, ముయె చెవి దగ్గర అరిచాడు.

"ముక్కుల బుగ్గ పెట్టి ఊదుతరంట. పగిలితె నీ తలకాయ మేం ఏరుకోవాలె."

లైనంతా నవ్వింది. ముయె కూడా నవ్వుతూనే పేరు రాయించుకుంది.

పేరు రాయించుకున్నవాళ్లను ఆపరేషన్‌కు జగదల్‌పూర్ తీసుకెళ్లడానికి గురువారం జీపొచ్చింది. ముయె రాలేదు.

"మీరు సరిగ్గానే చెప్పారు కదా, సేఠ్‌జీ?" డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"చెప్పాను మేడమ్. వీళ్లకు సూదంటేనే భయం."

అబద్ధం అంత సులువుగా వచ్చింది. ఆవిడ ముయె పేరు కొట్టెయ్యడానికి పెన్ను తీసింది. మళ్లీ ఎప్పుడొస్తామో తెలీదంది. రామనర్సయ్య కాసేపు ఆగమని వారపు అంగడికి పరుగెత్తాడు.

ముయె చింతపండు కుప్ప ముందు కూర్చునుంది.

"నాడు నేను తప్పు చెప్పిన" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఏంది?"

"తప్పు చెప్పిన ముయె."

"ఇనవడ్తలేదు సావుకారీ. గట్టిగ చెప్పు."

ఆ చెవులకు గుసగుసలు పనికిరావు. అరిచాడు. బుగ్గ పగలదని, ఊదినంక తీసేస్తరని, నలుగుర్ని నవ్వించడానికి కూత కూశానని. ఉప్పమ్మేవాళ్లు, కోళ్లమ్మేవాళ్లు, తన కొట్టుకొచ్చే గిరాకీలు అందరూ తిరిగి చూశారు. ఎవరైనా నవ్వినా బాగుండేది.

"తీసేస్తరా?" అంది ముయె. "లోపల్నే ఉంచుతరనుకున్న. నెత్తిన మూట ఎత్తితె పగుల్తదనుకున్న."

కుప్పను పక్కన ఉప్పమ్మే ఆయతికి అప్పగించి లేచింది. జీపు దగ్గర డాక్టరమ్మతోనే దోర్లీలో మాట్లాడింది. "నాకు ఈన మాట వద్దు. అక్కడ మా మాటొచ్చిన ఇంకొకర్ని పెట్టుండ్రి."

డాక్టరమ్మ అలవాటుగా రామనర్సయ్య వైపు చూసింది. ఆయన తల దించుకుని, ఆ మాటను ఉన్నదున్నట్టు హిందీలోకి మార్చాడు.

"ఎందుకట?" అంది ఆవిడ.

అదీ చెప్పాడు.